మిషన్ల చేత తెలుగు మాట్లాడించిన అక్క

గురువారం పొద్దున బేతంచెర్లలో ఒక బండల ఫ్యాక్టరీలో మిషన్లను నడిపే కొత్త ప్యానెల్ పెట్టె బిగిస్తుండగా ఫోను మోగింది. కోత మిషను చప్పుడులో మాట వినపడక బయటికొచ్చాను. అవతల అక్క వాళ్ల తమ్ముడు. “అక్క పోయిందప్పా,” అన్నాడు. లోపలికి వెళ్లి మిగిలిన నాలుగు స్క్రూలు బిగించి, పెట్టె మూత మూసి, అప్పుడు ఆ బండల మీదే కూలబడ్డాను. పని సగంలో వదిలేసి వస్తే ఆమె ఊరుకునే మనిషి కాదు.

ఆమె నాకు తోడబుట్టింది కాదు, మా కంపెనీ యజమాని. ముందు కడపలో ఒకటి, తర్వాత కర్నూల్లో ఒకటి, రెండు కంపెనీలు పెట్టింది. ఫ్యాక్టరీలో ఏ మోటారు ఎప్పుడు తిరగాలో, ఏది ఎప్పుడు ఆగాలో చెప్పే ప్రోగ్రాములు రాయడం మా పని. మొదట్లో మేడం అనేవాళ్లం. “మేడమంటే మా ఇస్కూలుకు తనిఖీకి వచ్చే ఆయమ్మ గుర్తుకొస్తాది. నాకు భయం,” అంది. అప్పట్నుంచి అందరికీ అక్కే. వాళ్ల నాయన జమ్మలమడుగు దగ్గర పల్లెలో పొలం కూలి. ఆదివారాలు చర్చి గంట కొట్టేవాడు. ఆ ఇంటినుంచి డిప్లొమా చదివి సిమెంటు ఫ్యాక్టరీల్లోకి బ్యాగు తగిలించుకుని వచ్చిన మనిషి ఆమె.

నేను ఆమెను మొదట చూసింది ఎర్రగుంట్ల వైపు ఒక ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, ఆపరేటరుగా కొత్త. పక్కన కుర్చీ వేసుకుని మూడు రోజులు నన్నే చూస్తూ కూర్చుంది. మూడో రోజు అడిగింది.

“ఏమబ్బీ, ఆ ఎర్ర అక్షరాలు వస్తానే బటన్ నొక్కేస్తాండావే, ఏం రాసుండాది దాంట్లో?”

“తెల్దు మేడం. ఇంగ్లీషు. నొక్కితే అరుపు ఆగిపోతాది.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నోటుబుక్కులో రాసుకుంది. నెల తర్వాత వచ్చి అవే హెచ్చరికలు తెలుగులో పెట్టింది. “మూడో బెల్టు ఆగింది. ముందు పైగేటు మూయండి.” తెర మీద ఆ మాట చదివినప్పుడు ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టయింది. మేనేజరు మాత్రం, పెద్ద కంపెనీవాళ్లు చూస్తే పల్లెటూరి సరుకంటారని గొణిగాడు. “చూసేటోళ్లకు కాదు సార్, నొక్కేటోనికి అర్థం కావల్ల,” అంది అక్క. ఆ ఏడాదే ఆ ఉద్యోగం మాని ఆమె దగ్గర చేరాను. ప్రోగ్రాం రాయడం అక్షరం అక్షరం ఆమే నేర్పింది.

కడప ఆఫీసు ఒక టైలరు అంగడి మీద రెండు గదులు. పదేళ్లలో నలభై మందిమయ్యాం. పెద్ద ఫ్యాక్టరీలు పెద్ద పేరున్న వాళ్లకే పని ఇస్తామనడం మొదలుపెట్టాక, మా ఉద్యోగాలు నిలబడతాయని నమ్మి, బయటి కంపెనీ ఒకదానికి మా కంపెనీని అమ్మి మమ్మల్ని అప్పగించింది. కడప ఆఫీసు కదలదని వాళ్లు మాటిచ్చారు. ఏడాది తిరక్కుండానే మూసేశారు. ఆ వారమంతా అక్క మా నలభై మంది ఇళ్లకూ నడిచి వచ్చింది. మా ఇంట్లో మంచినీళ్లు తాగి, “నేను మోసపోయినాను. మిమ్మల్నీ మోసం చేసినట్టే అయింది,” అని మా అమ్మ ముందు తల వంచుకుని చెప్పింది. అంత పెద్ద మనిషి అట్లా నిలబడటం నేను చూడలేకపోయాను.

తర్వాత కర్నూల్లో మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పెద్దవాళ్ల జోలికి పోలేదు. బండల ఫ్యాక్టరీలు, కంకర మిషన్లు. పాత నలభై మందిలో తొమ్మిది మందిమి మళ్లీ ఆమె వెనకే వెళ్లాం.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పకుండా ఆమె గురించి రాయడం అబద్ధమవుతుంది.

కరెంటు పోయి వస్తే మిషను దానంతటది తిరగకూడదు. మనిషి మళ్లీ బటన్ నొక్కాలి. పరీక్షించేటప్పుడు మాటిమాటికీ నొక్కడం విసుగై, దానంతటదే తిరిగేలా ప్రోగ్రాం మార్చాను. తీసేయడం మరిచిపోయాను. ఒక మధ్యాహ్నం ఒక బండల ఫ్యాక్టరీలో కరెంటు పోయినప్పుడు మస్తాన్ అనే పనివాడు కోత బ్లేడు కింద ఇరుక్కున్న రాతిముక్క తీస్తున్నాడు. కరెంటు వచ్చింది. కుడిచేతి నాలుగు వేళ్లు పోయాయి.

ఆస్పత్రి వరండాలో ఫ్యాక్టరీ ఓనరు, “ఎవురు రాసినారు దీన్ని?” అని అరిచాడు. నేను అక్క వెనకాలే ఉన్నాను. “నేనే,” అంది అక్క. మస్తాన్ భార్య వైపు తిరిగి, “తప్పు మాదేనమ్మా,” అని చేతులు జోడించింది. ఆమె మొహం తిప్పుకుంది.

మెట్ల మీద నేను ఏడ్చాను. “అక్కా, అది రాసింది నేను.”

“తెలుసబ్బీ. రాసింది నువ్వు, సరిగా చూడకుండా పంపింది నేను. ఇద్దరం కలిసి ఆయప్ప చెయ్యి తీసినాం.” రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగి, “ఇదే ప్రోగ్రాము ఇంకా పదకొండు చోట్ల పెట్టినాం. లెయ్,” అంది.

ఆ పదకొండు చోట్లకీ తిరిగాం. ప్రతిచోటా ప్రోగ్రాం దిద్దించి, కరెంటు తీయించి, వేయించి, మిషను కదలకుండా ఉండటం తన కళ్లతో చూసింది.

ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక మస్తాన్ ఇంటికి వెళ్లేది. చాలా వారాలు తలుపు తీయలేదు. చివరికి మస్తానే బయటికొచ్చి, “ఏంటికమ్మా ఊరికే వస్తావు?” అన్నాడట. “మిషను కాడ మనిషి యాడ చెయ్యి పెడతాడో నాకు తెలీకపాయ. నువ్వు నేర్పియ్యల్ల,” అంది. అట్లా అతను మా ఆఫీసుకొచ్చాడు. ఆ రోజునుంచి అతను సరేననకుండా ఒక్క ప్యానెల్ పెట్టె కూడా గడప దాటలేదు.

“నీ సంగతి ఆయప్పకు నేను చెప్పను. నువ్వే చెప్పల్ల,” అని అక్క నాతో ఒక్కసారే అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆరేళ్లు మస్తాన్ పక్క టేబుల్ దగ్గర కూర్చుని అన్నం తిన్నాను. చెప్పలేదు.

జబ్బు సంగతి ఆమె మాకు ఆలస్యంగా చెప్పింది. చివరిసారి చూసినప్పుడు బాగా చిక్కిపోయి ఉంది. చేతికి మందెక్కిస్తున్న మిషను మొత్తుకుంటుంటే నర్సమ్మాయి బటన్ నొక్కి పోయింది. “చూడు, ఆ పిల్ల కూడా నీ మాదిరే,” అని నవ్వబోయి దగ్గింది. “వీటికి కూడా మన మాటలు రాయల్లబ్బీ. నాకింక శక్తి లేదు.” నేను రాస్తానన్నాను. నా వైపు చాలాసేపు చూసింది. ఆ చూపు అడిగింది దేన్నో నాకు తెలుసు. వచ్చే వారం మస్తాన్‌కు చెబుతానని మనసులో అనుకున్నాను. ఆ వారం రాలేదు.

శుక్రవారం కర్నూల్లో సమాధుల తోటలో పెట్టాం. బండల ఫ్యాక్టరీల పనివాళ్లు రెండు ఆటోల్లో పనినుంచి నేరుగా వచ్చారు. జుట్టు, కనురెప్పలు, చేతులు అన్నీ తెల్లటి రాతిపొడి. ఆ బట్టలతో దగ్గరికి రావచ్చో లేదోనని గోడవారగా నిలబడ్డారు. పాస్టరుగారే పిలిచారు. ఒక్కొక్కరు వచ్చి మట్టి వేశారు. మస్తాన్ ఎడమచేత్తో వేశాడు.

జనం కదిలాక గేటు దగ్గర అతన్ని ఆపి చెప్పాను. ఆ రోజు ఆ ప్రోగ్రాం రాసింది నేనని. అతను నన్ను చూశాడు, ఆమె సమాధి వైపు చూశాడు. “ఆయమ్మ బతికుండంగా చెప్పింటే...” అన్నాడు. మాట పూర్తి చేయకుండా ఆటో ఎక్కాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను వెనక్కి, సమాధి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. కుప్ప చేసిన ఎర్రమట్టిని సర్దడానికి బండల పనివాళ్లు అరచేతులతో తట్టినచోటల్లా తెల్లటి చేతిముద్రలు పడి ఉన్నాయి. పడమటిగాలి వచ్చినప్పుడల్లా ఆ రాతిపొడి కొంచెం కొంచెంగా లేచిపోతోంది.