అందించని మాట

నాటకశాలలో ఆమెను అందరూ ప్రాంప్టరక్క అంటారు. తెరచాటున ముక్కాలిపీట మీద కూర్చుని, బుగ్గన లవంగం పెట్టుకుని, మాట మరిచిన నటులకు గుసగుసగా అందించడం ఆమె పని. వాళ్లు ఏళ్లుగా ఆడుతున్న పందొమ్మిదో శతాబ్దపు నాటకంలో, చేయని తప్పుకు భార్య మోకరిల్లి భర్తను క్షమించమని వేడుకునే ఘట్టం రాగానే ఆమె లవంగం నమలడం ఆపేస్తుంది. ఒకరోజు భార్య వేషం కట్టిన అమ్మాయి సరిగ్గా అక్కడే మాట మరిచి, నిలబడిపోయి, ఆమె వైపు చూసింది. అక్క పెదవి విప్పలేదు. చివరికి దిక్కుతోచక భర్త వేషధారే, “సర్లే, లోపలికి పద” అన్నాడు. తెర పడగానే దర్శకుడు రుసరుసలాడుతూ వచ్చాడు.

“నిద్రపోయావా అక్కా?”

“లేదు బాబూ. ఇన్నేళ్లూ ఆ భార్య నేను చెప్పిందే అంటోంది కదా, చెప్పకపోతే ఏమంటుందో విందామని.”

“మరి, ఏమంది?”

“ఏమీ అనలేదు. మోకాళ్లు మాత్రం వంచలేదు, చూశావా?”