గరగర ఆగిన సాయంత్రం

మస్కట్‌లో విమానం దిగాం. అజైబా షాపులు, ఖురియాత్ చేపల వాసన దాటి లారీలో కొండల్లోకి వెళ్ళాం. అక్టోబరు నెల. అయినా రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. ఒమాన్ సైన్యంతో కలిసి రెండు వారాల శిక్షణ. శత్రువే లేని చోట డ్యూటీ ఏంటని మా వీధిలో వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళకేం, ఫ్యాను కింద కూర్చున్నారు.

మాకు తోడిచ్చిన ఒమానీ సిపాయికి హిందీ బాగా వచ్చు. మొదటి రోజే చెప్పాడు. "ఇక్కడి పింజరి పాము నోటితో బుస కొట్టదు. చుట్ట చుట్టుకుని ఒంటికి ఒళ్ళు రాసుకుంటుంది. గరగరమంటుంది. మనిషిని చూసి పారిపోదు."

కొండ నెత్తిన నడుమెత్తు రాళ్ళగోడ పేర్చి కాపలా కూర్చున్నాం, నేనూ రేడియో ఆపరేటరూ. అతనిది కాకినాడ. వట్టి వాగుడుకాయ. నేను హవల్దార్‌నైనా అన్నా అనే పిలిచేవాడు. పొద్దు వాలుతోంది.

"అన్నా, సెట్టులో ఒకటే గరగర."

"ఆపి మళ్ళీ పెట్టు."

ఆపాడు. గరగర ఆగలేదు. మళ్ళీ పెట్టి చెయ్యి వెనక్కి తీస్తుంటే కనిపించింది. సెట్టుకీ అతని మోకాలికీ మధ్య, రాతి రంగులోనే ఒక చుట్ట. తల కదలట్లేదు. ఒళ్ళు మాత్రం తిరుగుతూనే ఉంది.

అప్పుడే బేస్ క్యాంపు రేడియోలో పిలిచింది. సాయంత్రం పిలుపుకి జవాబు రాకపోతే, వచ్చేదాకా పిలవాలి. మా క్షేమం కోసం పెట్టిన పద్ధతే. కానీ సెట్టు మోగిన ప్రతిసారీ అది ఇంకా రెచ్చిపోయింది, సాన మీద కొడవలి రుద్దినట్టు. సెట్టు మీటా, మైకూ దాని పక్కనే ఉన్నాయి.

"కదలకు. కింద జీపులో ఇంకో సెట్టుంది. బేస్ వాళ్ళ నోరు మూయించి వస్తా."

"తొందరగా రా అన్నా," అన్నాడు, పెదాలు కదపకుండా.

పడుతూ లేస్తూ దిగాను. జీపులో ఉన్న ఒమానీ సిపాయి చేతిలోంచి మైకు లాక్కుని, "పైన పాముంది, పిలవొద్దు," అన్నాను. బేస్ ఊరుకుంది. సిపాయి కర్ర పట్టుకుని నా వెనకే వచ్చాడు. మేం గోడ దగ్గరికి చేరేసరికి గరగర కూడా లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆపరేటరూ అలాగే అనుకున్నట్టున్నాడు. లేచి నిలబడి, ప్యాంటు దుమ్ము దులుపుకుంటూ నన్ను చూసి నవ్వాడు.

"పోయిందన్నా."

కదలొద్దని సిపాయి అరుస్తూనే ఉన్నాడు. అది పోలేదు. రాళ్ళ రంగులో కలిసిపోయి ఊరుకుంది, అంతే.

పిక్క మీద రెండు చుక్కలు పడ్డాయి. చీమ కుట్టినట్టే ఉందన్నాడు. జీపులో మస్కట్ ఆసుపత్రికి పోతుంటే నన్ను నవ్వించడానికి ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. చిగుళ్ళంతా నెత్తురు. నాకు ఏడుపు ఆగలేదు.

విరుగుడు ఎక్కించారు, బతికాడు. ఇద్దరం ఒకే విమానంలో తిరిగొచ్చాం. ఇప్పుడు ఇద్దరం రిటైరయ్యాం. ఆదివారం ఫోన్ చేస్తాడు. వాగి వాగి, ఊపిరి తీసుకోవడానికి కాస్త ఆగుతాడు. అప్పుడు నాకు ఆ గోడ లోపల, చప్పుడే లేని ఎండలో, దుమ్ము దులుపుకుంటూ నవ్వుతున్న మనిషి కనిపిస్తాడు.

"ఏదో ఒకటి మాట్లాడరా," అంటాను.