టీచరమ్మ బోర్డు మీది ఖాళీ గడి

మా ముందు గదిలో కిరాయికుండే టీచరమ్మ చనిపోయింది. సోమవారం పొద్దున చాయ్ ఇద్దామని తలుపు కొడితే పలకలేదు. పక్కింటివాళ్లు వచ్చి తలుపు విరగ్గొట్టారు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. యాభై ఏళ్లు కూడా లేవు ఆమెకు. అందరూ ఏడ్చారు. నాకు మాత్రం కోపం వచ్చింది. అది ఇంకా పోలేదు.

మాది మందమర్రి. ఆమె మా వరండాలో బోర్డు పెట్టి, డిగ్రీ చదివే ఆడపిల్లలకు జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాష నేర్పేది. నేను గడప దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తూ వినేదాన్ని. నేను చదివింది మూడో తరగతే. అయినా ఆమె చెబితే కొంత తలకెక్కేది.

ఒక డబ్బా గీసి, ఇది ఆబ్జెక్ట్ అనేది. అది చేసే పనులు మెథడ్లు. దాని పైన ఇంకో డబ్బా గీసి బాణం వేసేది. అది ప్రోటోటైప్.

"కింది డబ్బాకు పని రాకుంటే పైదాన్ని అడుగుతది. మీకు పులుసు పెట్టరాకుంటే ఇంట్ల మీ అవ్వకు ఫోన్ చెయ్యరా? గట్లనే."

రాసింది సరిగ్గా నడుస్తుందో లేదో చూడటానికి ప్రతి డబ్బాకూ పరీక్ష పెట్టించేది. ఒకనాడు ఒక పిల్ల, "పైదాంట్ల మంచిగనే ఉన్నది గద మేడం, కిందిదానికి మల్ల పరీక్షెందుకు?" అంది. నడిపి చూస్తే కింది డబ్బాలో అదే పేరుతో సొంత మెథడ్ ఒకటి ఉంది. సొంతది ఉంటే పైదాన్ని అడగనే అడగదు. ఆ సొంతదేమో తప్పు.

"పైదాన్ని సూసి కిందిదాన్ని నమ్మితివి. నీకు సొంతదేమన్న ఉన్నదా అని దాన్నే అడగాలె," అంది టీచరమ్మ.

ప్రతి పరీక్షకూ బోర్డు మీద ఒక గడి. సరిగ్గా వస్తే పచ్చ గుర్తు, లేకుంటే ఎర్ర గుర్తు. ఎప్పుడూ ఎర్రగానే ఉండే పరీక్షను ఎవరూ పట్టించుకోరని చెప్పి, నా వైపు తిరిగి, "మన అవ్వ అసొంటిదే," అంది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆయన బొగ్గు బాయి దిగిన రోజుల నుంచి ఫికర్, అదే దిగులు, నాకు అలవాటు. గ్యాస్ బంద్ చేశావా, గొళ్లెం పెట్టావా, గొడుగు తీసుకున్నావా అని ఆమెను రోజూ సతాయించేదాన్ని. అయినా ముసలిదానివి నీకేం తెలుసు అని ఒక్కనాడూ అనలేదు. ఏదైనా అడిగితే మార్కర్ నా చేతికిచ్చి, "నువ్వే గీయి అవ్వా," అనేది.

పోయిన వారం నీళ్ల బిందె దింపి ఛాతి పట్టుకుని కూర్చుంది.

"కరీంనగర్ పోయి సూపించుకో బిడ్డా."

"ఎందుకవ్వా? మా అవ్వకు లేదు, బాపుకు లేదు. మా ఇంట్ల ఎవలకూ గుండెజబ్బు లేదు."

"పైదాన్ని సూసి నమ్ముడేంది? నువ్వే చెప్తివి గద. నీకు సొంతదేమన్న ఉన్నదేమో."

"మంచిగ పట్టినవ్ అవ్వా," అని లేచి, బోర్డు మీద పిల్లల పరీక్షల వరుస కింద 'అవ్వ చెప్పిన పరీక్ష' అని రాసి గడి గీసింది. ఆదివారం పోతానంది.

ఆదివారం పిల్లల పరీక్ష ఒకటి ఎర్రగానే ఉందని పొద్దంతా వాళ్లతో కూర్చుంది. బస్సు పోతుందని రెండుసార్లు చెప్పాను.

"వచ్చే ఆదివారం పోత. ఫికర్ లేకుంటే నీకు బువ్వ అరగదు."

మూడోసారి చెప్పలేదు. పిల్లల ముందు విసుక్కుంటుందని నోరు మూసుకున్నాను. గొళ్లెం గురించి నూరుసార్లు అడిగినదాన్ని, దీని గురించి మూడోసారి అడగలేకపోయాను.

శవం దగ్గర ఎవరో, "రాత గట్లున్నది," అన్నారు. "రాత కాదు, సూపించుకోలే," అని గట్టిగానే అన్నాను. అందరూ నన్ను చూశారు. చూడనీ. లోకంలోని డబ్బాలన్నీ తెరిచి చూసిన మనిషి తన డబ్బా తెరవలేదు. ఆమె మీద కోపం. నా మీద అంతకు రెండింతలు.

నిన్న పిల్లలు వచ్చి, బోర్డు తుడవమంటావా అవ్వా అని అడిగారు. వద్దన్నాను. ఆ ఆదివారం సాయంత్రం చివరి పరీక్ష కూడా నెగ్గిందని ఆమె సంబరంగా గుర్తు పెట్టింది. వరుసంతా పచ్చ గుర్తులే. అడుగున 'అవ్వ చెప్పిన పరీక్ష', పక్కన గడి. అందులో పచ్చా లేదు, ఎర్రా లేదు.