ఒళ్లో ఇనుప సీసా

తొంభైల్లో ఓ మధ్యాహ్నం రాజమండ్రి నుంచి కోరుకొండ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్లో, గోనెపట్టా చుట్టిన బరువైన ఇనుప సీసా ఉంది. అదేమిటని అడిగాను.

"అక్యుములేటర్ అండి. మా ఫ్యాక్టరీలో పంపు కొట్టే దెబ్బలకి పైపు పగిలింది. నా నిర్లక్ష్యమేనని రాసిమ్మన్నారు. రాయనన్నాను, సస్పెండ్ చేశారు."

నా చెయ్యి పట్టుకుని, దడదడలాడుతున్న ముందు సీటు కమ్మీ మీద ఆనించాడు.

"పైపు ఇలాగే అదిరేదండి. దీని లోపల గ్యాసు నింపిన రబ్బరు తిత్తి ఉంటుంది. పంపు పక్కన బిగిస్తే, నీళ్లు తోసినప్పుడల్లా ఆ తిత్తి నొక్కుకుని దెబ్బంతా తనే తీసుకుంటుంది. ఆర్నెల్లుగా అడుగుతున్నా కొనలేదు. పాతసామాన్లలో వెతికి నేనే తెచ్చా. అందరి ముందూ బిగించి చూపిస్తా."

"లోపలికి రానిస్తారాండీ?"

"రానివ్వకపోతే గేటు ముందే కూర్చుంటానండి. సంతకం మాత్రం పెట్టను."

నేను సాయం పట్టబోతే వద్దని, సీసాని భుజానికెత్తుకుని దిగిపోయాడు. ఆయన్ని లోపలికి రానిచ్చారో లేదో నాకు తెలియదు.

మరుసటి ఏడాది మా ఆఫీసులో, నేను చేయని తప్పుకి క్షమాపణ టైపు చేసిన కాగితం నా ముందు పెట్టారు. పెన్ను మూత తీయకుండానే దాన్ని వెనక్కి తోశాను.