ఎదుటి మనిషి లేని ద్వేషం

మా పెద్దమ్మ ఎవరినీ తిట్టదు. వీధిలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. కొలతలిస్తామని వచ్చి కబుర్లాడి వెళ్ళిపోయేవాళ్ళనీ, కుట్టింది విప్పించి, మళ్ళీ కుట్టించి, మొదటిదే బాగుందనేవాళ్ళనీ పల్లెత్తు మాట అనదు. తిట్లన్నీ తనకోసం దాచుకుంటుంది.

ఆవిడ మా అమ్మకు అక్క. ఆవిడ కుట్టుపని దుకాణంలో కాజాలు తీసేదీ, గుండీలు కుట్టేదీ నేను. పొద్దున్నే మిషను మీది గుడ్డ తియ్యగానే మొదలవుతుంది. దారం సూదిలోకి ఎక్కకపోతే, "ఛీ, దరిద్రపు కళ్ళు." బాబిన్‌లో దారం అయిపోతే, "చూసుకోవద్దూ, మొద్దు మొహమా!" బాబిన్ అన్నాక దారం అయిపోక ఏం చేస్తుంది? అయినా అక్షింతలు ఆవిడకే. కుట్టు నూలుపోగంత పక్కకు పోయిందా, మొత్తం విప్పేసి, కుడిచేతి మీద ఎడమచేత్తో ఒక్కటేసుకుంటుంది. "దరిద్రపు చేతులు. ఎందుకూ పనికిరాని చేతులు."

ఇవి ఆవిడ సొంత తిట్లు కూడా కావు, మా అమ్మమ్మవి. పెద్దకూతుర్ని ఈ మాటలతోనే లేపి, ఈ మాటలతోనే పడుకోబెట్టేదట. మా అమ్మ చిన్నది కాబట్టి తప్పించుకుంది. అమ్మమ్మ పోయాక ఆ ఉద్యోగం ఖాళీ కాకుండా పెద్దమ్మే అందులో చేరిపోయింది. సెలవు కూడా పెట్టదు.

మేం నవ్వేసేవాళ్ళం. ఆ మాటకొస్తే ఎవరనరు? "నా మొహం, నాకేం తెలుసు" అంటాం. "నా బొంద" అంటాం. అనేసి టీ తాగుతాం. మొహానికేమీ కాదు, అన్నవాళ్ళకే ఆ మాట గుర్తుండదు. కానీ పెద్దమ్మ అన్నప్పుడు గొంతు మారిపోయేది. ఎవరినో గుమ్మంలోంచి మెడపట్టి గెంటేస్తున్నట్టు ఉండేది. ఆ తేడా చెవికి తెలుస్తూనే ఉన్నా, దానికో పేరుందని మాకు తెలియదు. ఆ పేరు బడి నుంచి వచ్చింది.

పెద్దమ్మ కూతురు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ అయ్యేదాకా తన కూతురు బుడ్డిని మా దుకాణంలో వదులుతుంది. ఆరేళ్ళ పిల్ల. బడి వదలగానే వచ్చి, కత్తిరింపు బల్ల కింద దూరి, పీలికలతో బొమ్మలకు గౌన్లు చుడుతూ ఉంటుంది. పెద్దమ్మకు సాయంత్రం అంటే బుడ్డి వచ్చే వేళ, అంతే.

ఒకరోజు నర్సు డ్యూటీ బట్టల్లోనే ఊడిపడింది.

"అమ్మా, బడికి పిలిచి చెప్పారు. లెక్క తప్పితే చాలు, ఇది స్కేలు తీసుకుని తన చేతిమీద తనే కొట్టుకుంటోందట. దరిద్రపు చేతులు, దరిద్రపు చేతులు అనుకుంటూ! ఆ టీచరు ఏమందో తెలుసా? ఆత్మద్వేషం అంది. ఇంత పిల్లకి!"

పెద్దమ్మ మిషను ఆపింది. "అంటే?"

"అంటే తనని తను ద్వేషించుకోవడం."

"ద్వేషానికి ఎదుటి మనిషి ఉండాలి కదే? ఒక్కరే ఎలా ద్వేషించుకుంటారు?"

నిజంగానే అడిగింది పాపం. నర్సుకు మండిపోయింది. "అద్దంలో చూసుకో, తెలుస్తుంది. ఈ నెలాఖరు దాకా చూస్తాను. దాని నోట మళ్ళీ ఆ మాట వినపడిందంటే ఇంకెక్కడైనా పెట్టుకుంటాను గానీ, నీ దగ్గర మాత్రం వదలను."

ఆ రోజు నుంచి పెద్దమ్మ నోటికి తాళం పడింది. కాళ్ళకు మాత్రం పడలేదు. కాలుకాలిన పిల్లిలా దుకాణమంతా తిరిగేది. కూర్చునేది, లేచేది, కత్తెర ఇక్కడిది అక్కడ పెట్టి మళ్ళీ దానికోసమే వెతికేది. గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుంటే మాట బయటికి రాదని కనిపెట్టి, అవసరం లేకపోయినా నోట్లో పెట్టుకుని కూర్చునేది. వచ్చినవాళ్ళకు తలతోనే జవాబు. ఆ అవస్థ చూస్తుంటే నాకూ చేతిలో పని సాగేది కాదు.

"ఏమే, లోపల్లోపల అనుకున్నా ఆ టీచరు చెప్పినదాని కిందికే వస్తుందంటావా?" అని ఒకసారి అడిగింది.

"ఏమో పెద్దమ్మా."

"బయటికి అనకపోతే లోపల ఇంకా గట్టిగా వినపడుతోందే."

అలా ఉండగా ఒకాయన ఉద్యోగం ఇంటర్వ్యూకి కోటు కుట్టమని గుడ్డ తెచ్చిచ్చాడు, చాలీచాలకుండా. మామూలుగా గుడ్డ మడిచి కోటు చేతులు రెండూ ఒకేసారి కత్తిరిస్తాం. ఒకటి కుడిది, ఒకటి ఎడమది దానంతటదే వస్తుంది. ఈ గుడ్డ మడతకు చాలక, పెద్దమ్మ పరిచి ఒక్కొక్కటే కత్తిరించింది. అలా కత్తిరిస్తే రెండోదానికి కాగితపు నమూనా తిరగెయ్యాలి. మనసు ఎక్కడుందో, తిరగెయ్యలేదు. రెండూ ఎడమచేతివే వచ్చాయి. గుడ్డకు పైవైపు ఒక్కటే నూగు ఉంది, తిరగేసి కుట్టే దారి లేదు. మిగిలినవి పీలికలు.

ఆ రెండూ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బల్ల కిందనుంచి బుడ్డి బయటికొచ్చి అమ్మమ్మ మొహంలోకి చూసింది. పెద్దమ్మ నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చింది. నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది.

అప్పుడు బుడ్డి, మర్చిపోయిన పాఠం అందిస్తున్నట్టు మెల్లిగా, "దరిద్రపు చేతులు. కదా అమ్మమ్మా? ఎందుకూ పనికిరాని చేతులు," అంటూ ఆవిడ చేతిమీద చిన్నగా ఒకటేసింది.

"ఎవర్నే ఆ మాటంటున్నావ్?" దుకాణం దద్దరిల్లిపోయింది. "మీ అమ్మని పెంచింది ఈ చేతులే! నీ ఒంటిమీది గౌను ఎవరు కుట్టారనుకున్నావ్? ఈ వీధిలో సగంమంది వేసుకు తిరిగేది ఈ చేతుల పనే! ఇంకోసారి అన్నావంటే..."

ఆవిడ తన తరఫున ఒక్క మాట మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆవిడా విని ఉండదు, మధ్యలోనే ఆగిపోయింది.

బుడ్డి ఒకడుగు వెనక్కి వేసింది. "నువ్వే అంటావుగా రోజూ."

పెద్దమ్మ స్టూలు మీద కూలబడింది. "అంటాను," అంది. "అబద్ధమే తల్లీ అది. నావి అలాంటివి కావు. మరి నీ చేతుల్ని నేనెప్పుడూ ఏమీ అనలేదే, వాటినెందుకు కొట్టావు?"

"నావి అచ్చం నీ చేతులేనని అమ్మ అంటుందిగా!"

నాకు ఏడుపు ఆగలేదు. పెద్దమ్మ ఏడవలేదు. ఆ చిన్న చేతులు రెండూ తన ఒళ్ళోకి తీసుకుని, తన చేతుల పక్కన పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"అవునే, నా చేతులే," అంది. "బంగారం లాంటి చేతులు."

ఎవరి చేతుల్ని అందో బుడ్డీ అడగలేదు, నేనూ అడగలేదు.