గాలి లేదనుకోమన్నారు

గాజువాక దాటాక బస్సులో పక్కసీటు మనిషి నా మణికట్టు పట్టుకుని, "మేస్టారూ, ఈ వాచీకి సెకన్ల ముల్లుందా?" అన్నాడు. ఒళ్లో రబ్బరుబంతి, సుద్దముక్క, కొలిచే టేపు. నా తిరుగుళ్లలో దారి అడిగినవాళ్లున్నారు, అగ్గిపెట్టె అడిగినవాళ్లున్నారు. సెకన్లు అడిగినవాడు ఇతనొక్కడే.

పేరు దయానందం. ఇరవయ్యారేళ్లుగా ఖలాసీ. ఓడ గట్టు చేరేటప్పుడు పైనుంచి ముడికట్టిన సన్నతాడు విసిరి, కిందవాళ్ల చేతికి అందించడం అతని పని. సెరాంగ్‌గా, అంటే ఖలాసీల పెద్దగా, పైకెక్కాలంటే ఇంటర్ పాసవ్వాలట. ఫిజిక్సు రెండుసార్లు తప్పాడు. మర్నాడే మూడో పరీక్ష, కంపెనీ ఇచ్చిన ఆఖరి అవకాశం.

"ఒకే లెక్క బాబూ. ఇరవై మీటర్ల ఎత్తునుంచి బంతిని అడ్డంగా, సెకనుకి ఐదు మీటర్ల జోరుతో ఇసిరితే ఎక్కడ పడతాది? గాలి లేదనుకోండి అంటాడు. ఏటనుకోడం? నాను పేపర్లో 'గాలి ఎటేపు?' అని రాసొచ్చాను."

"రెండుసార్లూనా?"

"రెండోసారి కింద గీతెట్టి అడిగాను."

పాఠం చెప్పే కూతురు ఫెబా విసిగిపోయి, "నీ కళ్లతోనే చూసుకో నాన్నా" అందట. కిందపడడానికి రెండు సెకన్లు, రెండైదులు పది. పది మీటర్ల దగ్గర పడితే పుస్తకం గెలిచినట్టు. రేపు పుస్తకం చెప్పినట్టే రాస్తాడు. భూమి గుండ్రమని నమ్మడానికి నేనూ చాలా ఊళ్లే తిరిగాను కనుక, అతనితో దిగిపోయాను.

పెదవాల్తేరులో వాళ్ల బావ ఉండే అపార్టుమెంటు. మేడమీంచి టేపు జారవిడిచాం, సరిగ్గా ఇరవై. గోడనుంచి పది మీటర్లు కొలిచి సుద్దతో సున్నా చుట్టాం. వాచ్‌మన్ ముగ్గనుకుని పక్కకి తప్పుకు నడిచాడు. విసరాల్సింది సముద్రంకేసి. ఎదురుగాలికి నా పంచె నిలవడం లేదు.

"వదిలేత్తన్నాను!" అని పైనుంచి కేక.

రెండు సెకన్లు. బంతి సున్నా నడిమధ్యన టప్పుమంది. వాచ్‌మన్ చప్పట్లు కొట్టాడు.

దయానందం మెట్లన్నీ పరుగున దిగాడు. "పడిందా! మా ఫెబా గెలిసింది. రేపు గాలి లేదనే రాసేత్తాను."

నేను నోరు మూసుకోవలసింది. "ఇంత ఎదురుగాలిలో సరిగ్గా అక్కడే ఎలా పడిందయ్యా?" అన్నాను.

"దానికేటి బాబూ, గాలికి సరిపడా జోరెక్కువెట్టాను కదా..."

అక్కడ ఆగిపోయాడు. కుడిచేతిని ఎవరిదో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు. సున్నాని చెప్పుకాలితో చెరిపేశాడు. బంతి నా దగ్గరే ఉందన్నది కూడా మరిచి, చూపుడువేలు నోట్లో తడుపుకుని పైకెత్తి, గాలి ఎటేపో చూసుకుంటూ బీచ్‌రోడ్డుకేసి నడిచి వెళ్లిపోయాడు.