సారు చెప్పమన్నరు

ప్రెసిడెంటమ్మ పదవికి ఎన్నికలుండవు. డెబ్భైల చివర్లో మా ఆయన సమితి ప్రెసిడెంటుగా గెలిచిన రోజు, ఊరేగింపు ఇంకా మా వాకిట్లోకి రాకముందే పాలు పోసే ఆమె నన్ను ‘ప్రెసిడెంటమ్మా’ అని పిలిచింది. అంతవరకు నాకొక పేరుండేది. హనుమకొండ కాలేజీలో హాజరు వేసేటప్పుడు రోజూ పిలిచేవారు, బి.ఏ. పట్టా మీద అచ్చు కూడా వేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు దానితో ఎవరికీ పనిపడలేదు.

నాతో మాత్రం పని ఉండేది. హైదరాబాద్ నుంచి ఆఫీసరు జీపు దిగితే చాయ్ పెట్టాలి. వెంట ఆయన భార్య కూడా దిగితే బొట్టు పెట్టి, వరంగల్ ఖిలా చూపించి తేవాలి. సభ జరిగితే వేదిక మీద చివరి కుర్చీలో కూర్చోవాలి, మైకు వైపు చూడకూడదు. ఒకసారి చూశాను. మరుసటి సభకు నా కుర్చీ ఇంకాస్త చివరికి జరిగింది.

మొగవాళ్లు తమ అర్జీలు ముందు గదిలో ఆయనకు ఇచ్చేవారు. ఆడవాళ్లు పెరటి దర్వాజ దగ్గరికి వచ్చి నాకు చెప్పుకునేవారు. ఒక పొద్దున నాట్లకు పోయే కూలీ ఒకామె వచ్చింది. ఆమె బిడ్డ మా ఊరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి.

“పిల్ల ఇగ బడికి పోనంటాందమ్మా,” అన్నది.

“ఎందుకట?”

“పెద్దమనిషైంది గద. బడిల పాయఖానా లేదాయె. తుమ్మచెట్లల్లకు పోదామంటె మొగపోరగాండ్లు. పొద్దుగాల్నుంచి నీళ్లు తాగకుంట కూసుంటాంది. కడుపుల నొప్పని మొన్న దవాఖానకు తీస్కపోయిన.”

“వాళ్ల నాయిన ఏమంటాండు?”

“ఒక్క నెల చూస్త, గంతే అంటాండు. తర్వాత నా ఎంబడి నాట్లకు తోలుతడట.”

బడికి పాయఖానా కావాలని అర్జీ రాసింది ఆరు నెలల కింద నేనే. కింద సంతకం ఆయనది. మంజూరై, ఇటుక, సిమెంటు సమితి ఆఫీసు వెనక దిగి కూడా ఉన్నాయి. ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ గుర్తు చేశాను.

“గా ఇటుకలు కమాన్‌కు వాడుతున్నం,” అన్నారాయన. “మినిస్టర్ వస్తాండు. ఊరి మొదట్ల ఖిలాల ఉన్నసొంటి కమాన్ లేపితె జర దర్జాగుంటది.”

“ఖిలాల నాలుగు తోరణాలున్నయి గద. అవి సరిపోతలేవా?”

“కమాన్ లేకుంటె మినిస్టర్ ఊళ్లెకు ఎట్లొస్తడు?”

“జీపుల.”

ఆయన మజ్జిగ అడిగారు. మా ఇంట్లో చర్చ ముగిసిందనడానికి అదే గుర్తు.

కానీ ఇన్నాళ్ల ప్రెసిడెంటమ్మగిరీలో నేనొక కిటుకు కనిపెట్టి ఉన్నాను. ఆయన ఊళ్లో లేనప్పుడు ‘సారు చెప్పమన్నరు’ అంటే ఏ పనైనా అయ్యేది. నిజంగా చెప్పారా అని సారును ఎవరూ అడగరు. అడిగితే సారు మాటను అనుమానించినట్టు. అంతవరకు దాన్ని కట్టెలు తెప్పించడానికీ, బోరింగు బాగు చేయించడానికీ మాత్రమే వాడాను. ఆ వారం ఆయన పార్టీ పని మీద హైదరాబాద్ వెళ్లారు. జీపు కనుమరుగు కాగానే మేస్త్రిని పిలిపించాను.

“సారు చెప్పమన్నరు. ఇటుకలు బడికాడ దింపి పాయఖానా కట్టాలె.”

మేస్త్రి తల గోక్కున్నాడు. “నిన్ననే కమాన్ అన్నరు గదమ్మా.”

“అది నిన్న.”

“గోడలు ఎంతెత్తు లేపమన్నరు?”

ఆ సంగతి మా ఆయన ఆలోచించి ఉండరు కాబట్టి నేనే ఆలోచించాను. “నిలబడితె తల కనపడొద్దన్నరు. గడె లోపలి దిక్కు పెట్టమన్నరు. నీళ్ల తొట్టి గూడ లోపల్నే.”

“ఆడపిల్లల గురించి సారుకు గింత ఫికరున్నదా,” అన్నాడు మేస్త్రి. అతని కళ్లు కొంచెం చెమర్చాయి. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

ఆయన తిరిగి వచ్చేసరికి పైకప్పు కూడా వేసేశారు. హెడ్మాస్టరు దారిలోనే ఎదురొచ్చి చేతులు పట్టుకొని కృతజ్ఞతలు చెప్పారట. ఇంట్లోకి వస్తూనే మా ఆయన నన్ను అడిగారు.

“నేనెప్పుడు చెప్పిన?”

“చెప్పలేదు.”

“మరి?”

“పోయి చెప్పుండ్రి. నా పెండ్లాం చెప్పింది, నేను చెప్పలే, కూలగొట్టుండ్రి అని.”

ఆయన మంచం మీద కూర్చొని చెప్పులు విప్పుకున్నారు. పెండ్లాం మాట మీద సమితి నడిచిందన్న పేరు కంటే పాయఖానా కట్టించిన పేరే నయమనిపించి ఉంటుంది. లేచి మొహం కడుక్కున్నారు.

మంత్రిగారు వెదురు బొంగులకు బట్ట చుట్టిన కమాన్ కిందుగా, ఏ ఇబ్బందీ లేకుండా ఊళ్లోకి వచ్చారు. ఆడపిల్లల కష్టం ఎరిగిన ఇలాంటి ప్రెసిడెంటు జిల్లాకే ఆదర్శమన్నారు. మా ఆయన మెడలో బంతిపూల దండ వేశారు. ఆయన దాన్ని తీసి, అలవాటు ప్రకారం, పట్టుకొమ్మని నాకిచ్చారు. సభ ముగిసేదాకా పట్టుకున్నాను. తడి పూలు, చీరంతా మరకలు.

ఆయన మీద నాకు పెద్ద కోపం లేదు. ఆయన చేసిందల్లా మెడ వంచడమే. కానీ ఒక పిల్ల నీళ్లు తాగకుండా కూర్చుంటున్నదన్న సంగతి అంతమంది పెద్దమనుషుల చెవికెక్కాలంటే అది ఒక మొగవాడి నోట రావాలి. ఆ నోట రాకపోతే నేను తెచ్చిపెట్టాలి. పెట్టినందుకు దండ మళ్లీ ఆ మెడకే. బి.ఏ.లో నాది పొలిటికల్ సైన్సు. ఈ పాఠం సిలబస్‌లో లేదు.

రెండు రోజులకు ఆ కూలీ ఆమె మళ్లీ పెరట్లోకి వచ్చింది.

“పిల్ల బడికి పోతాందమ్మా. అంత సారు పుణ్యం. ఒకపారి దండం పెట్టి పోదామని వచ్చిన.”

ఇక ఉండబట్టలేదు. “సారు కాదు. నేను కట్టించిన,” అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. “నీ పరాచికాలు నీయే, ప్రెసిడెంటమ్మా.”

నవ్వుకుంటూనే ఇంటిని చుట్టి ముందు గదికి పోయింది. ఆయన గొంతు వినిపించింది. “గందుల ఏమున్నది, అది నా డ్యూటీ. పిల్లను మంచిగ సదివిపియ్యి.” తర్వాత లోపలికి కేకేసి చాయ్ పెట్టమన్నారు.

రెండు కప్పులు పెట్టాను. ఒకటి ఆమెకు, ఒకటి నాకు.